మూడోసారి పాసైన సుబ్బారావు, మన కిడ్నీల లెక్క



పదో తరగతి బయాలజీలో విసర్జన పాఠం రాగానే పిల్లలు నెఫ్రాన్ బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ పాఠానికీ, మీ ఇంట్లో ఎవరో ఒకరు రోజూ వేసుకునే బీపీ మాత్రకూ దగ్గరి సంబంధం ఉంది. కిడ్నీల పనిని మనం కొలవడానికీ, అర్థం చేసుకోవడానికీ సాయపడిన వాళ్లలో ఒక తెలుగు మనిషి కూడా ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఈ నెల ఆయన గురించి చదవండి, మీ పిల్లలకూ చెప్పండి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. డబ్బు సంపాదించాలని, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి బయలుదేరారు. ఇంట్లోవాళ్లు వెతికి పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. మన పిల్లలకు ఒక్క యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఈ విషయం అందుకే చెబుతున్నాను.

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లో ఖద్దరు గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి సుబ్బారావుకు ఎంబీబీఎస్ కాకుండా, అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే దక్కింది. అదే రోజుల్లో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. జబ్బుల మూలం తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే గట్టిపడింది. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేస్తే 1922 అక్టోబర్‌లో అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

బోస్టన్‌లో ఆయన పగలు హార్వర్డ్‌లో చదువుకునేవారు. ఖర్చుల కోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో సులువుగా కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువని లెక్క. ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు నిలిచిపోయింది. కిడ్నీలు బాగా దెబ్బతింటే ఫాస్ఫరస్ మూత్రంలో పోకుండా రక్తంలో పేరుకుంటుంది. అందుకే కిడ్నీ రోగుల రిపోర్టులో ఈ రోజుకీ ఆ అంకె కనిపిస్తుంది.

ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లు 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మన కణాలు ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టే చిల్లర ఈ ఏటీపీయే. ఆ చిల్లరను పెద్దమొత్తంలో ఖర్చుపెట్టే అవయవాల్లో కిడ్నీ ఒకటి.

ఎందుకో చూడండి. మన రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. బయటికి పోయే మూత్రం మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతా నీరు, ఉప్పు దాదాపు అంతా రక్తంలోకి తిరిగి వస్తుంది. ఉప్పును అలా వెనక్కి లాగే పంపులు ఏటీపీతో నడుస్తాయి. ఈ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ గుర్తించారు. దానికి 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

బీపీ కథ ఇక్కడే మొదలవుతుంది. బీర్పూర్ వాళ్లకు రోళ్లవాగు ప్రాజెక్టు తెలుసు. నీరు తగ్గితే తూము మూస్తారు, ఎక్కువైతే వదులుతారు. కిడ్నీ కూడా ఇంచుమించు అదే చేస్తుంది. రక్తపోటు తగ్గినట్టు తోస్తే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కాలేయం నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ను రెనిన్ కత్తిరిస్తుంది. ఆ ముక్క ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఇంకోసారి తెగి యాంజియోటెన్సిన్-2 అవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి ఆల్డోస్టిరాన్‌ను విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ వస్తే కిడ్నీలోని పంపులు పెరిగి ఉప్పు లోపలే ఉండిపోతుంది. ఉప్పు వెంట నీరూ ఉంటుంది. దాంతో బీపీ పెరుగుతుంది. పిట్యూటరీ నుంచి వచ్చే ఇంకో హార్మోన్ నీటిని ఆపుతుంది. రక్తం ఎక్కువై గుండె గదులు సాగితే మాత్రం గుండే ఒక హార్మోన్ వదిలి, ఉప్పును బయటికి పంపమంటుంది.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు, రక్తం పోయినప్పుడు ఈ ఏర్పాటే మన ప్రాణం కాపాడుతుంది. అవసరం లేకపోయినా అదే పనిగా నడిస్తే బీపీ ఎక్కువై కూర్చుంటుంది. ఎక్కువ బీపీ కిడ్నీలోని సన్నని నాళాలను పాడుచేస్తుంది. పాడైన కిడ్నీ బీపీని ఇంకా పెంచుతుంది. చాలామందికి ఏ నొప్పీ తెలియకుండానే ఇదంతా ఏళ్ల తరబడి జరుగుతుంది.

సుబ్బారావు కాలంలో ఈ లెక్క సగమే తెలుసు. రెనిన్‌ను స్వీడన్‌లో 1898లో కనుగొన్నారు, అప్పటికి ఆయన మూడేళ్ల పిల్లవాడు. కుక్క కిడ్నీకి వెళ్లే రక్తనాళాన్ని బిగిస్తే బీపీ పెరుగుతుందని అమెరికాలో గోల్డ్‌బ్లాట్ 1934లో చూపించారు. మంచి మందు మాత్రం లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంతటి వాడే తీవ్రమైన బీపీతో, మెదడులో రక్తస్రావమై 1945లో చనిపోయారు.

సుబ్బారావు 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి వెళ్లారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్ తయారీ, పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకు డీఈసీ, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్ వచ్చాయి. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో డీఈసీ ఇప్పటికీ ఉంది. అన్ని మందులు ఇచ్చిన మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. రెనిన్ దారిని అడ్డుకునే మొదటి మాత్ర క్యాప్టోప్రిల్‌కు అమెరికాలో 1981లో గానీ అనుమతి రాలేదు.

ఆయనకు అందని వైద్యం ఇప్పుడు కోరుట్ల, జగిత్యాల మెడికల్ షాపుల్లో దొరుకుతోంది. సిరిసిల్లలో రాత్రి సాంచాల మీద పనిచేసే నాన్నలు, బీడీలు చుడుతూ గంటల తరబడి కూర్చునే అమ్మలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు మన పేరెంట్స్‌లో చాలామందే ఉన్నారు. ముప్పై దాటితే ఏడాదికోసారైనా బీపీ చూపించుకోండి. బీపీ గానీ షుగర్ గానీ ఉంటే క్రియాటినిన్, మూత్ర పరీక్షలు కూడా డాక్టర్‌ను అడిగి చేయించుకోండి. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. తొక్కులు, అప్పడాల్లోని ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఒళ్లు నొప్పులకు సొంతంగా మాత్రలు కొని రోజుల తరబడి వేసుకోకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ నార్మల్‌కు వచ్చిందని మందు మీ అంతట మీరే ఆపకండి. మాత్ర పనిచేస్తోంది కాబట్టే అది నార్మల్‌లో ఉంది.

ఈ ఆదివారం మీ పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. ఇంట్లోని బీపీ మాత్రల స్ట్రిప్ వెనక మందు పేరు చదవమనండి. చివర ‘ప్రిల్’ అని ఉంటే అది యాంజియోటెన్సిన్-2 తయారీని తగ్గించే మందు. ‘సార్టన్’ అని ఉంటే అది తయారైనా పనిచేయకుండా అడ్డుకునే మందు. ఆ రెండు ముక్కలు తెలిసిన పిల్లవాడికి విసర్జన పాఠం బట్టీ పట్టే పని ఉండదు. తాతయ్య ఒక పూట మాత్ర మర్చిపోతే ముందుగా గుర్తుచేసేదీ వాడే అవుతాడు.