విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

మన హాస్టల్లో ఐ.టి.ఐ. మెకానిక్ ట్రేడు చదివే తమ్ముళ్లను చూసి కొందరికి చిన్నచూపు ఉంది. చేతికి గ్రీజు అంటితే చదువు తక్కువైనట్టు వాళ్ల లెక్క. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో నాయకుల గురించి కాకుండా, జీవితమంతా చేతికి గ్రీజు అంటించుకున్న ఒక తెలుగువాని గురించి రాయాలనిపించింది. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఊరంతా తమిళం. తండ్రి పత్తి రైతు. తల్లి చిన్నతనంలోనే పోయింది. బడి ఆయనకు పడలేదు, చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన బడి మానేశాడు కదా అని మనం మానేస్తే కుదరదు. ఆయన వెనుక తండ్రి పొలం ఉంది. మన వెనుక ఉన్నది ఈ హాస్టల్ ఒక్కటే.

ఒకనాడు ఒక ఇంగ్లీషు దొర మోటారు సైకిల్ మీద రావడం చూశాడు ఆ కుర్రవాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది! ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా కుదిరాడు. టిఫిన్లు అందించి, బల్లలు తుడిచి, పైసా పైసా కూడబెట్టాడు. మూడు వందల రూపాయల వరకు పోగయ్యాక ఆ దొర దగ్గరికే వెళ్లి ఆ రడ్జ్ మోటారు సైకిల్ కొన్నాడని చెబుతారు. కొన్నవాడు ఎవరైనా ఎక్కి ఊరంతా తిరుగుతాడు. నాయుడు దాన్ని ఇంటికి తెచ్చి నట్టూ బోల్టూ విప్పేశాడు. ఏ భాగం ఎందుకుందో చూసుకుని మళ్లీ బిగించాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ అదే. ఆ తర్వాత మెకానిక్‌గా పని చేశాడు. పత్తి వ్యాపారంలో డబ్బు సంపాదించాడు, బొంబాయిలో అదే పత్తిలో పోగొట్టుకున్నాడు.

1920లో కోయంబత్తూరు పారిశ్రామికవేత్త స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. ఒక్క బస్సుతో మొదలైన ఆ సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగి, దేశంలోనే చక్కగా నడిచే బస్సుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. పోల్చుకోవడానికి మన ఊరి సంగతి చూడండి. నిజాం రైల్వేవారు మన దగ్గర బస్సులు మొదలుపెట్టింది 1932లో, అదీ 27 బస్సులతో. తార్నాకలో ఆస్పత్రి కట్టుకున్నంత పెద్ద ఆర్.టి.సి.కి అదే మూలం.

ఆ రోజుల్లో బస్సు నడపడం కంటే దాన్ని బాగుంచుకోవడం కష్టం. ఇంజన్ ఆయిల్‌ను వడకట్టే ఫిల్టరు అమెరికాలో ప్యూరోలేటర్ అన్న పేరుతో 1923 ప్రాంతంలోనే వచ్చింది. అంతకు ముందు బండ్లలో ఆయిల్‌లో చేరిన మసి, లోహపు పొడి ఇంజన్‌లోనే తిరిగేవి. మట్టిరోడ్ల దుమ్ము సరేసరి. కాబట్టి ఆయిల్ తొందర తొందరగా మార్చాలి, ఇంజన్ విప్పి మసి గీకాలి. షెడ్డు పని తెలియనివాడు బస్సుల యజమానిగా నిలబడే కాలం కాదది.

ఇప్పుడు ఆ కష్టం లేదు. కారు కొనుక్కున్న మన పూర్వ విద్యార్థులు కొందరు ఆయిల్ మార్చడానికి కూడా షెడ్డుకు వెళ్లి వందలు పోస్తున్నారు. పని పెద్దది కాదు. బండిని చదునుగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కింది బోల్టు విప్పితే పాత ఆయిల్ దిగిపోతుంది. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగిస్తే చాలు. పానాతో బిగిస్తే వచ్చేసారి విప్పడానికి ఏడుపే. కంపెనీ పుస్తకంలో చెప్పినంత కొత్త ఆయిల్ పోసి, నిమిషం నడిపి ఆపి, కాసేపు ఆగి కొలకడ్డీ చూడాలి. కాగితపు గాలి ఫిల్టరును నీళ్లతో కడగకూడదు. మౌలాలి దుమ్ములో తిరిగే బండికి దాన్ని పుస్తకంలో చెప్పినదానికంటే ముందే మార్చాలి. అది మూసుకుపోతే ఇంజన్‌కు ఊపిరి ఆడదు. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి మాత్రం దూరవద్దు, జాకీ జారితే ప్రాణమే పోతుంది. పాత ఆయిల్ మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

మళ్లీ నాయుడు గారి దగ్గరకు వద్దాం. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన తయారుచేసిన విద్యుత్ మోటారు దేశంలో మొదటిదిగా పేరు పొందింది. డెబ్బై రూపాయలకే అయిదు వాల్వుల రేడియో చేశారు. రసాంత్ అనే విద్యుత్ రేజర్, పలచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాన్, మోసానికి వీలులేని ఓటు యంత్రం, అన్నీ ఆయన బుర్రలోంచి వచ్చినవే.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ ఏర్పడడానికి ఆయనే కారకుడు. బడి మానేసినవాడు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. కానీ నాలుగేళ్ల కోర్సు పిల్లల కాలాన్ని వృథా చేస్తోందని, రెండేళ్లు చాలని ఆయన పట్టు పట్టారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. ఈ విషయంలో ఆయన పూర్తిగా ఒప్పు అని నేను అనను. తనలాంటి చెయ్యి అందరికీ ఉంటుందని ఆయన అనుకున్నారేమో. కానీ నాలుగేళ్లు చదివి ఒక్క ఇంజనూ విప్పని పట్టభద్రుణ్ణి చూసినప్పుడల్లా ఆయన మాటే గుర్తొస్తుంది. ఆ కాలేజీ ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది.

అన్నిటికంటే బాధ కలిగించేది కారు సంగతి. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలు. బీదవాడు కాకపోయినా గుమాస్తా, చిన్న పంతులు కొనుక్కోగల కారు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడితో ఆగిపోయింది. చవక కారు కోసం మన దేశం ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఎదురు చూసి, 1983 చివర మారుతి 800ను చూసింది.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేర మ్యూజియం ఉంది. అదే రోడ్డు మీద కట్టిన పెద్ద ఫ్లైఓవర్‌కు 2025లో ఆయన పేరే పెట్టారు. అటువైపు వెళ్లినవాళ్లు మ్యూజియంలోకి వెళ్లి ఆ పాత రడ్జ్ మోటారు సైకిల్‌ను చూసి రండి.