బుట్ట కట్టిన మాస్టారు – జేమ్స్ నైస్మిత్

బాస్కెట్‌బాల్ అంటే పొడుగువాళ్ల ఆట అని మనందరికీ ఒక నమ్మకం. కిందటేడు మన నక్కపల్లి హాస్టల్ జట్టు కట్టినప్పుడు మేమూ ఆ నమ్మకంతోనే కట్టాం. గోడకు నిలబెట్టి ఎత్తు చూసుకున్నాం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు దూరం నుంచి బంతి చక్కగా వేస్తాడని తెలిసి కూడా, పొట్టివాడని పక్కన కూర్చోబెట్టాం. పోటీలో అవతలి జట్టు నలుగురూ వెళ్లి రింగు కింద మన పొడుగు అన్నయ్య చుట్టూ కోట కట్టేశారు. బయట నుంచి వేసేవాడు మనకు లేడు. ఓడిపోయి వచ్చాం. ఆ తర్వాతే ఈ ఆటను పుట్టించిన నైస్మిత్ గారి జీవితం మా కంటబడింది.

ఆయన 1861 నవంబరు 6న కెనడా దేశంలో, ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో, 1870లో, టైఫాయిడ్ జ్వరం వచ్చి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ పీటర్ యంగ్ చేరదీశాడు. హైస్కూలు మధ్యలో మానేసి అడవిలో కలప కోసే పనికి వెళ్లారు. ఒకటి కాదు రెండు కాదు, దాదాపు ఐదేళ్లు. తర్వాత మనసు మార్చుకొని తిరిగి బడికి వచ్చి, తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చొని చదివారు. జీడితోటల పనికో, రొయ్యల చెరువుల మీదకో పోయి మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు మన సీనియర్లలోనూ ఉన్నారు కాబట్టి ఇక్కడ మేము కాసేపు ఆగిపోయాం. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1887లో డిగ్రీ పూర్తి చేసి, మత గురువు కావడానికి చదివి కూడా, చివరకు వ్యాయామం నేర్పే పనికే వెళ్లారు.

చిన్నప్పుడు ఆయన ఊళ్లో ఒక ఆట ఉండేది. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరం నుంచి ఇంకో రాయితో కొట్టి పడేయాలి. బలంగా విసిరితే రాయి ఎక్కడికో పోతుంది, దాన్ని తెచ్చుకునేలోగా దొరికిపోతాం. నెమ్మదిగా, పైకెత్తి, విల్లులా వంపు తిరిగేట్టు వేసినవాడే గెలుస్తాడు.

1891 డిసెంబరులో ఆయన అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో మాస్టారు. బయట చలి. లోపల ఒకటే డ్రిల్లు చేయలేక విసిగిపోయిన పద్దెనిమిది మంది విద్యార్థులు. అప్పటికే ఇద్దరు మాస్టార్లు ఆ క్లాసు మా వల్ల కాదన్నారు. పైఅధికారి లూథర్ గ్యులిక్ ఈయనకు పద్నాలుగు రోజులు గడువిచ్చి, గదిలో ఆడే ఆట ఒకటి తయారుచేయమన్నారు. ఫుట్‌బాల్ లాంటివి గదిలో ఆడించి చూస్తే దెబ్బలే మిగిలాయి. బంతి పట్టుకొని పరుగెత్తడం వల్లనే కదా మీద పడి తోసుకుంటున్నారు అని గ్రహించి, పరుగే లేదన్నారు. పట్టుకున్నచోటి నుంచే ఇంకొకరికి అందించాలి. గోలు ఎదురుగా ఉంటే బలం కొద్దీ విసురుతారు కాబట్టి దాన్ని తల పైన, నోరు ఆకాశం వైపు ఉండేలా పెట్టారు. చిన్ననాటి రాయి ఆట అక్కడ పనికొచ్చింది. పెట్టెలు అడిగితే బడి పనివాడు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ కమ్మీకి మేకులతో కొట్టారు. ఆ కమ్మీ పది అడుగుల ఎత్తులో ఉంది. నేటికీ రింగు ఎత్తు పది అడుగులే!

పదమూడు నియమాలు రాసి గోడకు అంటించి, తొమ్మిదిమంది చొప్పున ఆడించారు. ఆట మొత్తానికి పడింది ఒక్క బుట్ట. విలియం చేజ్ అనే విద్యార్థి సుమారు 25 అడుగుల దూరం నుంచి వేశాడు. ఇప్పటి అంతర్జాతీయ మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు, ఆ మొదటి బంతి 7.6 మీటర్ల నుంచి పడింది. అంటే ఈ ఆటకు బోణీ దూరపు షాటే. అమెరికా కాలేజీ ఆట అంతటా దానికి మూడు పాయింట్లు ఇవ్వడం 1986లో గాని మొదలు కాలేదు. బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్లే డ్రిబ్లింగ్ ఆయన నియమాల్లో లేదు, ఆటగాళ్లే తర్వాత కనిపెట్టుకున్నారు. బంతి పైకి తెచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించి, అవసరమైతే బయట నుంచే వేసేవాడిని ఇప్పుడు గార్డు అంటున్నాం. అతని బంతి పడుతుంటే అవతలివాళ్లు రింగు వదిలి బయటకు రాక తప్పదు. అప్పుడే పొడుగువాడికి ఊపిరాడుతుంది. మాకు ఈ ముక్క ఓడిపోయాక అర్థమైంది.

1898లో డాక్టరు పట్టా పుచ్చుకొని కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ జట్టుకు కోచ్‌గా 55 గెలిచి 60 ఓడారు. ఆ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది, ఆటను పుట్టించిన ఈయనకే! మొదట నవ్వుకున్నాం గాని, ఆయనకు గెలుపు లెక్కల మీద ధ్యాస తక్కువ.

1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి అక్కడికి వచ్చాడు. రంగు కారణంగా అతన్ని విశ్వవిద్యాలయం జట్టులోకి రానివ్వలేదు. నైస్మిత్ అతన్ని దగ్గరకు తీసి, తనకు తెలిసిందంతా నేర్పి అండగా నిలిచారు. అయినా జట్టులో చోటు మాత్రం దక్కలేదు. మన హాస్టళ్లు ఎవరి కోసం పుట్టాయో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ మెక్‌లెండనే కోచ్ అయ్యి, బంతి దొరికిన మరుక్షణం పరుగందుకొనే వేగపు ఆట నేర్పి, టెన్నెస్సీలోని నల్లజాతి కాలేజీ జట్టును 1957, 1958, 1959లలో వరుసగా మూడుసార్లు ఎన్.ఎ.ఐ.ఎ. జాతీయ విజేతగా నిలిపాడు. చూడటానికి గురువు లేరు.

మన దేశానికి ఈ ఆటను తెచ్చినవాళ్లూ వై.ఎం.సి.ఎ. వారే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాల పెట్టారు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ తొలిసారి చేరినప్పుడు, అమెరికా కోచ్‌లు చందాలు పోగుచేసి ముసలి మాస్టారిని పంపించారు. ఫైనల్ ఆరుబయట మట్టి కోర్టులో, జోరు వానలో జరిగింది. బురదలో బంతి లేవదు, డ్రిబ్లింగ్ కుదరదు. ఆయన మొదటి రోజు రాసినట్టే అందించుకుంటూ ఆడాల్సి వచ్చింది. అమెరికా 19, కెనడా 8. నైస్మిత్ 1939 నవంబరు 28న కన్నుమూశారు.

మన మైదానంలో రింగు కింద నుంచి టేపుతో 25 అడుగులు కొలిచి, ఈ మధ్యే సున్నంతో గీత వేశాం. సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా అక్కడ వరుస కడుతున్నారు. వరుసలో మొదట ఆ ఎనిమిదో తరగతి తమ్ముణ్ణి నిలబెట్టాం. ఇప్పుడు తొమ్మిదికి వచ్చాడు, పొడుగు మాత్రం ఇంకా పెరగలేదు.