సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. రహీం సాబ్‌గా ప్రసిద్ధుడు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, భారత జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. పేరుమోసిన ఆటగాళ్ళను బయటినుండి రప్పించకుండా, ప్రధానంగా స్థానిక యువకులతోనే దేశంలోని అగ్రశ్రేణి జట్టును తీర్చిదిద్దడం ఈయన ప్రత్యేకత.

తొలి జీవితం

రహీం హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టు తరఫున ఆడాడు. పట్టభద్రుడైన తరువాత నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయునిగా పనిచేశాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.

సిటీ పోలీసు జట్టు

ఆ కాలంలో భారత ఫుట్‌బాల్‌కు కలకత్తా కేంద్రం. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు దేశం నలుమూలల నుండి మేటి ఆటగాళ్ళను చేర్చుకొనేవి. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు కీర్తి తెచ్చిన వెంకటేష్, అప్పారావు, సాలే, అహ్మద్ ఖాన్, ధనరాజ్ - ఈ ఐదుగురు దాడి ఆటగాళ్ళూ దక్షిణ భారతీయులే. సిటీ పోలీసు జట్టు ఇవ్వగలిగినది మాత్రం పోలీసు ఉద్యోగమే.

ఈ లోటును రహీం శిక్షణతో పూడ్చాడు. బంతిని ఎక్కువసేపు తమ వద్ద ఉంచుకోకుండా వెంటనే అందించేటట్లు ఆటగాళ్ళను తయారుచేశాడు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను కూడా నిర్వహించాడు. సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు సాధించింది.

ఆటగాళ్ళ వలస

ఈ విజయాలతో హైదరాబాదు ఆటగాళ్ళపై కలకత్తా క్లబ్బుల దృష్టి పడింది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంను రహీం గుర్తించి ప్రోత్సహించాడు. అభ్యాసానికి రావడానికి సైకిలు అద్దె డబ్బు కూడా తానే ఇచ్చేవాడు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అయినా అదే ఏడాది సిటీ పోలీసు జట్టు రోవర్స్, డ్యూరాండ్ కప్పులు రెండూ గెలిచింది. తరువాత ఆంధ్రా పోలీసు పేరుతో 1961లో మరల డ్యూరాండ్ కప్పు సాధించింది.

జాతీయ జట్టు

* 1951: ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణ పతకం.
* 1952: హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓటమి. పలువురు భారత ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడారు.
* 1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం.
* 1960: రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 సమానం.
* 1962: జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణ పతకం. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు.

మరణం, ప్రభావం

రహీం 1963 జూన్ 11న క్యాన్సర్‌తో మరణించాడు. స్థానిక యువకులను వెదకి, పెంచి, ఒకరు వెళ్ళిపోతే మరొకరిని సిద్ధంచేసే పని చాలావరకు ఆయన ఒక్కడిమీదనే ఆధారపడి ఉండేది. ఆయన తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ ప్రాభవం క్రమంగా తగ్గింది. 1962 తరువాత, 2023 క్రీడల వరకు, భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో మరల స్వర్ణం సాధించలేదు.

ఈయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం (మరణం 2021) రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, అంతర్జాతీయ రిఫరీ. రహీం జీవితం ఆధారంగా నిర్మించిన హిందీ చలనచిత్రం మైదాన్ 2024లో విడుదలైంది.