జంషెడ్‌జీ టాటా: తన పేరు పెట్టిన ఊరిని చూడకుండానే వెళ్లిపోయిన పారిశ్రామికవేత్త

టాటానగర్ స్టేషన్ ఉత్తరాంధ్ర వాళ్లకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా రైల్లో వెళ్లి అక్కడి ఫ్యాక్టరీల్లో పనికి కుదిరిన కుటుంబాలు తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్నాయి. స్టేషన్ పేరు టాటానగర్, ఊరి పేరు జంషెడ్‌పూర్. రెండూ ఒకే మనిషి పేరు మీద వచ్చినవి. ఆయన మాత్రం ఆ ఊరిని చూడలేదు. ఆయన కన్నుమూసిన 1904 నాటికి అక్కడున్నది సాక్చి అనే పల్లె, దాని చుట్టూ ఆదివాసీల ఊళ్లు, అడవి, రెండు నదులు మాత్రమే.

జంషెడ్‌జీ నుస్సర్వాన్‌జీ టాటా 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారిలో పుట్టారు. తాతముత్తాతలు పార్సీ పురోహితులు. తండ్రి ఆ దారి వదిలి బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టారు. కొడుకు ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు ముగించి 1859లో తండ్రి వ్యాపారం పని మీద హాంకాంగ్ వెళ్లారు. అప్పట్లో చైనాతో సాగిన వ్యాపారం అంటే పత్తి, నల్లమందు. టాటాల తొలి సంపాదనలో నల్లమందుకూ వాటా ఉంది. ఆయన గురించి రాసేవాళ్లు ఈ సంగతిని సాధారణంగా ఒక్క వాక్యంతో దాటేస్తారు.

అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో బొంబాయి పత్తికి రెక్కలొచ్చాయి. 1865లో యుద్ధం ఆగగానే ధర కూలిపోయింది, టాటాల వ్యాపారమూ దెబ్బతింది. మళ్లీ నిలదొక్కుకున్న జంషెడ్‌జీ 1868లో రూ.21 వేల పెట్టుబడితో సొంత సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది బొంబాయిలో దివాలా తీసిన ఒక నూనె మిల్లును కొని బట్టల మిల్లుగా మార్చి, కొంతకాలానికే లాభానికి అమ్మేశారు.

ఆయన అసలు పాఠశాల నాగ్‌పూర్. బట్టల మిల్లులంటే బొంబాయే అనుకుంటున్న కాలంలో పత్తి పండే చోటికి, బొగ్గు దగ్గరగా దొరికే చోటికి వెళ్లారు. 1877 జనవరి 1న, విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన రోజునే, అక్కడ ఎంప్రెస్ మిల్లు మొదలైంది. పనివాళ్లు సరిగా రాకపోవడం పెద్ద తలనొప్పి. జరిమానాలతో లొంగదీయడం కన్నా వాళ్లు నిలిచి ఉండేలా చూడటమే లాభమని ఆయన లెక్క వేశారు. గాలి ఆడే షెడ్లు, నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మే ఏర్పాట్లు వచ్చాయి. 1886లో పింఛను నిధి, 1895 నుంచి ప్రమాదాలకు పరిహారం మొదలయ్యాయి. కార్మికుల నష్టపరిహార చట్టం దేశంలో వచ్చింది 1923లో. ఇందులో దయ ఉంది, కాదనలేం. అంతకు మించి వ్యాపారి చూపు ఉంది. జంషెడ్‌పూర్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ రెండూ కలిపే చూడాలి.

ఉక్కు ఆలోచన కూడా అక్కడే పుట్టింది. 1882లో ఒక జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త రాసిన నివేదిక ఆయన చేతికొచ్చింది. చాందా జిల్లా లోహారాలో మంచి ఇనుప ఖనిజం ఉందని అందులో ఉంది. దగ్గర్లోని వరోరా బొగ్గును పరీక్షిస్తే అది కొలిమికి పనికిరాదని తేలింది. గనుల నిబంధనలు కూడా ప్రైవేటు వ్యాపారికి అనుకూలంగా లేవు. ఆలోచన పక్కనపడింది, కానీ ఖనిజాల మీద కాగితాలు పోగుచేయడం ఆయన మానలేదు. కర్జన్ ప్రభుత్వం 1899లో నిబంధనలు సడలించాక మళ్లీ కదిలారు. అప్పటికి వయసు అరవై.

1902లో అమెరికా వెళ్లారు. క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, అలబామాలోని బర్మింగ్‌హామ్ తిరిగి కొలిములు చూశారు. న్యూయార్క్‌లో చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజినీరును ఒప్పించారు. కొడుకు దోరాబ్‌జీకి ప్రసిద్ధమైన ఆ ఉత్తరం రాసిందీ ఆ ఏడాదే. వీధులు వెడల్పుగా ఉండాలని, త్వరగా ఎదిగి నీడనిచ్చే చెట్లు నాటాలని, తోటలకూ ఫుట్‌బాల్, హాకీ మైదానాలకూ చోటు వదలాలని, హిందువుల గుళ్లకు, మసీదులకు, చర్చిలకు స్థలం కేటాయించాలని చెప్పారు. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలనే లేదు. ఖనిజం దొరకకముందే ఊరి చెట్ల గురించి ఆలోచించారు.

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలో ఇనుప ఖనిజం ఉందని ఆయనకు ఉత్తరం రాశారు. జవాబు మీద పనిచేసే వ్యవధి దొరకలేదు. ఆ మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో జంషెడ్‌జీ చనిపోయారు. సమాధి ఇంగ్లండ్‌లోని బ్రూక్‌వుడ్‌లో ఉంది.

మిగిలిన పని దోరాబ్‌జీ మీద, దగ్గరి బంధువు ఆర్.డి.టాటా మీద పడింది. మయూర్‌భంజ్ ఖనిజం, ఝరియా బొగ్గు, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీళ్లు, కలకత్తా వైపు వెళ్లే రైలు మార్గం. ఇవన్నీ కలిసే చోటుగా సాక్చి తేలింది. 1907లో కంపెనీ నమోదైంది. స్వదేశీ ఉద్యమం జోరు మీదున్న రోజులు, వాటాలు మూడు వారాల్లో అమ్ముడయ్యాయి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. ఆ కృతజ్ఞతతోనే 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

ఎనిమిది గంటల పనిదినం 1912లోనే ఇక్కడ వచ్చింది. అయినా 1920లో సమ్మె, 1928లో నెలల తరబడి ఇంకా పెద్ద సమ్మె జరిగాయి. అప్పుడు కార్మిక సంఘం నాయకత్వం సుభాష్ చంద్రబోస్ తీసుకున్నారు. ఊరి ప్లాను ఒకసారి వేసి వదిలేసింది కాదు. టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బర్గర్ ఒకరి తర్వాత ఒకరు దిద్దారు. జనం మాత్రం ప్రతిసారీ ప్లాను కన్నా ముందే వచ్చారు. క్వార్టర్లు దొరికినవాళ్లకు చెట్ల నీడ, నీళ్లు. దొరకనివాళ్లు బస్తీలు కట్టుకున్నారు. భూమి పోయిన సంతాల్, హో, భూమిజ్ కుటుంబాల్లో ఎందరో ఆ బస్తీల్లోనే కూలీలుగా తేలారు.

1945లో టెల్కో వచ్చింది, ఇప్పటి టాటా మోటార్స్. ముందు రైలింజన్లు, 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు. ఉక్కు ఊరు కాస్తా లారీల ఊరు కూడా అయింది. ఫ్యాక్టరీ చుట్టూ టెల్కో కాలనీ లేచింది. దానికి విడిభాగాలు చేసే చిన్న యూనిట్లతో నది అవతల ఆదిత్యపూర్ పెరిగింది.

ఏటా మార్చి 3న ఊరంతా దీపాలు పెడతారు. జూబ్లీ పార్కులో ఆయన విగ్రహం దగ్గర జనం కిక్కిరిసిపోతారు. రోడ్లు, నీళ్లు, కరెంటు చాలా వరకు ఇప్పటికీ కంపెనీ చేతిలోనివే, మన నగరాల్లో చాలావాటికన్నా బాగానే ఉంటాయి. వందేళ్లు దాటిన ఈ ఊళ్లో జనం ఎమ్మెల్యేను, ఎంపీని ఎన్నుకుంటారు. ఓటేసి ఎన్నుకునే మేయర్ మాత్రం జంషెడ్‌పూర్‌కు లేరు. ఉత్తరంలో జంషెడ్‌జీ గుడికి, మసీదుకు, మైదానానికి చోటు చూపించారు గానీ, ఊరిని ఎవరు ఏలాలన్నది అందులో లేదు.