మంద్రస్వరాన్ని పదిమందికీ వినిపించిన లియో ఫెండర్

మంచి కచేరీ విన్నప్పుడు పాడినవారి పేరు అడుగుతాం. వీణ వాయించినవారి పేరు, మృదంగం వాయించినవారి పేరు కూడా అడిగి తెలుసుకుంటాం. కాని ఆ వీణను చెక్కిన వడ్రంగి పేరు, ఆ మృదంగానికి తోలు బిగించినవాని పేరు అడిగేవారు అరుదు. వాద్యం ఎంత బాగా పలికినా దానిని చేసిన చెయ్యి మరుగునే ఉండిపోతుంది.

ఇది అటువంటి ఒక పనివాని జీవితకథ. ఆయన పేరు లియో ఫెండర్. అమెరికా దేశస్థుడు. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారిలో ఆయన పేరు విననివారు ఉండరు. చిత్రమేమిటంటే, ఆయనకు గిటారు వాయించడం రాదు. శ్రుతి చేయడం కూడా రాదు.

ఈ కథ మన సంచికలో ఎందుకంటారా? మన పిల్లలు, మనుమలు ఇప్పుడు బ్యాండుల్లో వాయిస్తున్నారు. వారిలో బేసు గిటారు పట్టినవాడు ఏదో ఒకనాడు తాతగారి దగ్గర చేరి, పాత వాల్వు ఆంప్లిఫయరు కావాలంటాడు. ధర వినగానే పెద్దలకు గుండె గుభేలుమంటుంది. కొత్తవి ఇన్ని ఉండగా అరవై ఏళ్ళనాటి బరువు పెట్టె దేనికి అని కోప్పడతాం. కొనాలా, వద్దా, కొంటే ఏది కొనాలి అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు లియో ఫెండర్ జీవితంలోనే దొరుకుతుంది.

ఆయన 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ ఉన్న ఒక నారింజ తోటలో పుట్టాడు. తల్లిదండ్రులు రైతులు. ఎనిమిదేళ్ళ వయసులో కంతి కారణంగా లియో ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చింది. దాని స్థానంలో గాజు కన్ను పెట్టారు. పద్నాలుగేళ్ళు నిండకముందే, మోటారుకార్ల విద్యుత్ పనులు చేసే మేనమామ వరసైన ఒక బంధువు, పనికిరాని సామాను ఒక పెట్టెడు పంపించాడు. తరువాత కుర్రవాడు ఆయన దుకాణానికి వెళ్ళినప్పుడు, అక్కడ ఆయన స్వయంగా తయారుచేసిన రేడియో గట్టిగా మోగుతూ ఉంది. ఆ ధ్వని లియో మనసులో నాటుకుపోయింది. నాటినుంచి రేడియోలు విప్పడం, మళ్ళీ కూర్చడం అతనికి ఆటా పాటా అయింది.

చదువు మాత్రం లెక్కలు వ్రాసే విద్యలో సాగింది. కాలేజీ ముగించి కొలువులో చేరాడు. 1934లో ఎస్తేరును వివాహమాడాడు. ఆర్థిక మాంద్యం రోజులవి. ఉన్న ఉద్యోగం పోయింది. మరొకటి దొరికితే అదీ నిలవలేదు. 1938లో 600 డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు. ఉద్యోగం పోవడమే ఆయనకు మేలు చేసింది.

ఆ దుకాణానికి రేడియోలతోబాటు వాద్యకారుల ఆంప్లిఫయర్లు కూడా వచ్చేవి. ఎక్కడ తీగ తెగుతుందో, ఏ భాగం ముందుగా మాడుతుందో, మరమ్మతు చేసేవానికి తెలిసినంతగా తయారుచేసేవానికి తెలియదు. లియో ముందు మరమ్మతు నేర్చి, తరువాత తయారీకి దిగాడు. డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారునితో కలిసి కొంతకాలం ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీలు గిటార్లు, చిన్న ఆంప్లిఫయర్లు చేశాడు. 1946లో ఆయన విడిపోయాక తన పేరుతోనే కంపెనీ పెట్టుకున్నాడు.

ఇక్కడ వాల్వు సంగతి నాలుగు మాటలు చెప్పాలి. వాల్వు అంటే గాలి తీసివేసిన గాజు బుడ్డి. లోపలి సన్నని తీగ వేడెక్కి ఎర్రగా వెలుగుతుంది. గిటారు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ తరంగాన్ని పెద్దది చేసి స్పీకరుకు అందించడం దాని పని. మన ఇళ్ళలో ఒకప్పుడు ఉండిన పెద్ద రేడియోలు మీట నొక్కగానే పలికేవి కావు, వాల్వులు వేడెక్కేదాకా ఆగవలసి వచ్చేది. ఆంప్లిఫయరులోనూ అంతే. శక్తికి మించి వాయించినప్పుడు వాల్వు ధ్వని ఒక్కసారిగా పగలదు, క్రమంగా చిక్కబడుతుంది. వాద్యకారులు మోజుపడేది ఆ చిక్కదనానికే.

ఆ రోజుల్లో నాట్యశాలల బ్యాండుల్లో మంద్రస్వరానికి ఆధారం నిలువు బేసు. మనిషంత ఎత్తున ఉండే పెద్ద ఫిడేలు వంటిది. కార్లలో పట్టదు. డప్పులు, ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో వినపడదు. పైగా ఫిడేలుకు లాగే దానికీ మెట్లు లేవు. స్వరస్థానం తప్పకుండా వేలు పెట్టడానికి ఏళ్ళతరబడి సాధన కావాలి. లియో 1951లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. గిటారులా మెడకు తగిలించుకునే బేసు చేసి, వీణకు ఉన్నట్టే దానికి మెట్లు అమర్చాడు. మెట్టు దగ్గర వేలు వేస్తే స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ప్రెసిషన్ బేసు అని పేరు పెట్టాడు. మెట్లపై పలికే తీగ పొడవు 34 అంగుళాలు. నేటికీ చాలా బేసు గిటార్లకు అదే కొలత.

వాద్యం ఒక్కటే చాలదు. మంద్రస్వరం చెవికి నిండుగా అందాలంటే స్పీకరు ఎక్కువ గాలిని కదిలించాలి. దానికి ఎక్కువ శక్తి కావాలి. మామూలు గిటారు ఆంప్లిఫయరు ఆ బరువు మోయలేదు, స్పీకరు కాగితం చిరిగిపోతుంది. కనుక 1952లో లియో బేసు కోసమే ప్రత్యేకంగా ఒక ఆంప్లిఫయరు చేశాడు. దాని పేరు బేస్‌మన్. శక్తి సుమారు 25 వాట్లు. అందులో 15 అంగుళాల స్పీకరు ఒకటి. ఆ ఒక్క స్పీకరుపై భారం ఎక్కువవుతున్నదని గమనించి, కొద్ది సంవత్సరాలలోనే దాని స్థానంలో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు పెట్టాడు. నలుగురు మోస్తే బరువు తేలికే కదా!

లియో పనితనమంతా ఇందులో ఉంది. తనకు వాయించడం రాదు గనుక వాయించేవారి మాట వినేవాడు. కొత్త వస్తువు చేయగానే వాద్యకారులకిచ్చి వాడమనేవాడు. వారు తెచ్చిన ఫిర్యాదులను బట్టి మార్చేవాడు. నాకు తెలుసు అనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. తెలియదని ఒప్పుకున్నందువల్లనే లియో ముందుకు పోయాడు. బడిలో పిల్లలకు మనం చెప్పే పాఠం ఇదే.

ఇక విధి చేసిన వింత చూడండి. బేసు కోసం చేసిన బేస్‌మన్‌ను గిటారు వాయించేవారు ఎత్తుకుపోయారు! 1958 నుంచి 1960 వరకు తయారైన రకం వారికి మరీ నచ్చింది. లండనులో డప్పులు నేర్పే గురువు, దుకాణదారు అయిన జిమ్ మార్షల్, 1962లో తన మనుషులతో కలిసి దాదాపు ఆ నమూనాలోనే ఒక ఆంప్లిఫయరు చేయించాడు. మార్షల్ కంపెనీ ఖ్యాతికి అదే పునాది. బేసు వాయించేవారికి మాత్రం ఆ బేస్‌మన్ పెద్ద సభలలో చాలకుండా పోయింది. వెనుకవైపు తెరిచి ఉన్న పెట్టె, 40 వాట్లకు అటూ ఇటూగా శక్తి. రాక్ సంగీతపు హోరులో అవి ఏ మూలకు?

వారి అవసరం మరొకరు తీర్చారు. ఎవరెట్ హల్ అనే బేసు వాద్యకారుడు స్థాపించిన ఆంపెగ్ కంపెనీ 1960లో బి-15 అనే ఆంప్లిఫయరు తెచ్చింది. 15 అంగుళాల స్పీకరు, మూసిన పెట్టె. పని ముగిశాక ఆంప్లిఫయరును తలక్రిందులుగా త్రిప్పి పెట్టెలోనే దాచవచ్చు. చిన్న గదిలో, రికార్డింగులో దాని గుండ్రని ధ్వనికి సాటి లేదని పేరు పొందింది. అదే కంపెనీ 1969లో ఎస్.వి.టి. తెచ్చింది. 300 వాట్లు, 14 వాల్వులు. ఆంప్లిఫయరు ఒక్కటే 40 కిలోలకు దగ్గర, స్పీకరు పెట్టెలు వేరు. అది వేలమంది కూర్చునే మైదానాలకు తగినది.

లియో జీవితానికి వద్దాం. 1950ల నడుమ నుంచి ఆయనను ముక్కు లోపలి గదులకు సోకిన వ్యాధి పట్టి పీడించింది. ఏ మందుకూ తగ్గలేదు. ఇక ఎంతోకాలం బ్రతకనని నమ్మి, 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. ఆ తరువాత మరొక వైద్యుడు ఇచ్చిన మందుతో వ్యాధి నయమైంది! ప్రాణం దక్కింది గాని, ప్రాణంగా పెంచిన కంపెనీ చేజారిపోయింది. తన పేరు పరుల వస్తువులపై కనబడుతుండగా తాను దూరంగా నిలబడి చూడడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

మరొకరైతే ఆ డబ్బుతో హాయిగా కూర్చునేవారు. లియో తిరిగి పనిబల్ల దగ్గరకే వచ్చాడు. ఒప్పందపు గడువు తీరాక 1970లలో మ్యూజిక్ మన్ కంపెనీలో ముఖ్యుడై, 1976లో స్టింగ్‌రే అనే బేసు తెచ్చాడు. 1979లో భార్య ఎస్తేరు కన్నుమూసింది. మరుసటి ఏడు ఫిలిస్‌ను వివాహమాడాడు. పాత సహచరుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే కంపెనీ నెలకొల్పాడు. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నా పని మానలేదు. 1991 మార్చి 21న, 81 ఏళ్ళ వయసులో మరణించాడు. మరుసటి సంవత్సరం రాక్ అండ్ రోల్ గౌరవశాలలో ఆయన పేరు చేర్చారు.

ఇక మనుమడి ఆంప్లిఫయరు మాట. లియో మార్గంలో ఆలోచిస్తే దారి తెలుస్తుంది.

మొదటిది, పేరు చూసి కొనరాదు. పెట్టెపై బేస్‌మన్ అని వ్రాసి ఉన్నంతమాత్రాన అది మీ బ్యాండులో బేసుకు చాలుతుందని కాదు. 1950ల నాటిదైతే దాని ధర పెంచింది గిటారువారి మోజు, బేసువారి అవసరం కాదు. ఎక్కడ వాయిస్తారు, డప్పులు ఎంత గట్టిగా మోగుతాయి అని ముందు అడగండి. ఇంట్లో సాధనకు, చిన్న విందుకు 25, 30 వాట్ల వాల్వు పెట్టె సరిపోతుంది. పెద్ద మందిరంలో డప్పులతో కలిసి వాయించాలంటే 100 వాట్లయినా, అంతకు మించయినా ఉండాలి. దానిని మోసే మనుషులు కూడా ఉండాలి.

రెండవది, బ్యాండుతో కలిపి వాయించి వినాలి. అంగడిలో ఒంటరిగా కమ్మగా పలికినది సభలో మాయమైపోవచ్చు.

మూడవది, మరమ్మతు తెలిసినవారితో తెరిపించి చూపించాలి. లోపలి కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి, వాటిని మార్పించాలి. స్పీకర్లు అసలువేనా, బేసును తట్టుకుంటాయా అని కనుక్కోవాలి. రెండు కాళ్ళ ప్లగ్గు ఉంటే తీసివేసి, భూమి తీగతో కూడిన మూడు కాళ్ళ ప్లగ్గు వేయించాలి. అమెరికాలో వాడినది 120 వోల్టులకు చేసినది. దానిని మన ఇళ్ళలోని 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే పొగే మిగులుతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును ఎన్నడూ నడపరాదు.

అన్నిటికంటే ముఖ్యం: ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా లోపల ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. పిల్లలు కుతూహలం కొద్దీ విప్పకుండా చూడండి. ఈ ఒక్క మాట గుర్తున్నా ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్టే.

అంతా విన్నాక, కొత్తదే మేలనిపిస్తే అదీ తప్పు కాదు. లియో ఎన్నడూ పాతదానికి దండం పెట్టలేదు. నిన్న చేసినదానిని ఇవాళ మార్చడమే ఆయన పద్ధతి. అయితే పాత వాల్వు పెట్టెకు ఒక సుగుణముంది. మరమ్మతు చేసేవాడు చేసినది గనుక, మరమ్మతుకు లొంగుతుంది. అరవై ఏళ్ళ తరువాత కూడా చెడిన భాగం తీసి కొత్తది వేసి మళ్ళీ పలికించవచ్చు.

చివరిగా ఒక మాట. ఫెండర్ కర్మాగారంలో ఆంప్లిఫయర్లు కూర్చినవారిలో చాలామంది స్త్రీలు. ఆనాటి పెట్టెలు కొన్ని తెరిస్తే, లోపల చిన్న కాగితపు టేపు ముక్కపై ఒక స్త్రీ పేరు వ్రాసి కనబడుతుంది. దానిని కూర్చిన ఆమె పేరు అది. మీ ఇంటికి అటువంటి పెట్టె వస్తే, మరమ్మతుదారు తెరిచినప్పుడు మనుమణ్ణి ప్రక్కన నిలబెట్టి ఆ పేరు చదివించండి. వాద్యం వెనుక చెయ్యి ఎవరిదో వాడికి ఆనాడు తెలుస్తుంది.