స్వామి జ్ఞానానంద

పాఠ్యభాగ ఉద్దేశం: తపస్సుతో జీవితాన్ని ఆరంభించి, ముప్పై ఏళ్ల వయస్సు దాటిన తరువాత భౌతికశాస్త్రాన్ని అభ్యసించి, ఆంధ్రదేశంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన ఒక మహనీయుని జీవితాన్ని తెలపడం, ఆ శాస్త్రంలోని మూలవిషయాలను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

శాస్త్రచరిత్రలో 1896వ సంవత్సరం చిరస్మరణీయమైనది. ఫ్రాన్సు దేశంలో హెన్రీ బెకెరల్ అనే శాస్త్రజ్ఞుడు, యురేనియం లవణాల నుండి కంటికి కానరాని కిరణాలు వాటంతట అవే వెలువడుతున్నాయని ఆ సంవత్సరమే గుర్తించాడు. రేడియోధార్మికత అనే నూతన అధ్యాయానికి అది నాంది. అదే సంవత్సరం డిసెంబరు 5వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరం సమీపాన ఉన్న గొరగనమూడి గ్రామంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. ఆయనే తరువాతి కాలంలో స్వామి జ్ఞానానందగా ప్రసిద్ధి చెందారు. బెకెరల్ తెరచిన ద్వారం గుండా ఈ గ్రామీణ బాలుడు ఒకనాడు నడచిపోగలడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

లక్ష్మీనరసింహరాజు నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకున్నారు. చిన్ననాటి నుండి ఆయన మనస్సు ఆధ్యాత్మిక చింతన వైపు మొగ్గింది. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయ ప్రాంతాలకు వెళ్లారు. అక్కడ సుమారు పది సంవత్సరాలు యోగసాధన చేశారు. సన్యాసాశ్రమం స్వీకరించి స్వామి జ్ఞానానంద అయ్యారు. సామాన్యంగా ఇటువంటి జీవితకథలు ఇంతటితో ముగుస్తాయి. ఆయన విషయంలో ఇది పూర్వరంగం మాత్రమే.

1927లో జ్ఞానానంద జర్మనీ దేశానికి వెళ్లారు. డ్రెస్డెన్ నగరంలో యోగాన్ని గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. ఐరోపాలో అది భౌతికశాస్త్రానికి మహోజ్జ్వలమైన కాలం. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం విద్వాంసులను ఆలోచింపజేస్తున్నది. దాని చేత ఆకర్షితులైన జ్ఞానానంద, గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ అభ్యసించడానికి పూనుకున్నారు. బోధించడానికి వెళ్లినవారు విద్యార్థిగా మారారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై దాటింది. పరాయి దేశం, పరాయి భాష, అంతవరకు చేసిన సాధనతో సంబంధం లేని పాఠ్యాంశం. అయినా వెనుకంజ వేయలేదు.

అనంతరం ఆయన చెకొస్లొవేకియా రాజధాని ప్రేగ్ నగరానికి వెళ్లి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలను గురించి పరిశోధించి డాక్టరేట్ పట్టం పొందారు. ఒక్కొక్క మూలకం తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాలు గల ఎక్స్ కిరణాలను వెలువరిస్తుంది. ఆ దైర్ఘ్యాలను అత్యంత సూక్ష్మంగా కొలవడం ఈ రంగంలోని ముఖ్యమైన పని. అందులో రవ్వంత పొరపాటు జరిగినా ఫలితం వ్యర్థమవుతుంది. సూక్ష్మమైన కొలతలో ఆయన ఇక్కడ సాధించిన నేర్పు జీవితాంతం ఉపకరించింది.

ఐరోపాపై రెండవ ప్రపంచయుద్ధపు నీడలు కమ్ముకున్న రోజులలో జ్ఞానానంద ఇంగ్లండు చేరి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ చాడ్విక్ వద్ద పరిశోధన చేశారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమతి పొందిన చాడ్విక్ ఆయనే. జ్ఞానానంద పరిశోధనాంశం బీటా కిరణాల వర్ణపటం.

ఈ విషయాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. కొన్ని కేంద్రకాలు స్థిరంగా ఉండలేక, కిరణాలను విడుస్తూ మరొక కేంద్రకంగా మారిపోతాయి. ఈ కిరణాలు మూడు విధాలు. ఆల్ఫా కిరణాలంటే హీలియం కేంద్రకాలు. బీటా కిరణాలంటే వేగంగా దూసుకువచ్చే ఎలక్ట్రాన్లు. గామా కిరణాలు వెలుగు వంటివే గాని మిక్కిలి శక్తిమంతమైనవి. ఏ కేంద్రకం ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు. కాని ఒక పదార్థంలోని కేంద్రకాలలో సగం మారిపోవడానికి పట్టే కాలం మాత్రం నిశ్చితం. దానినే అర్ధాయువు అంటారు. రేడియంకు అది సుమారు 1,600 సంవత్సరాలు. వైద్యంలో వాడే అయోడిన్ 131కు సుమారు 8 రోజులు. ఆ పదార్థాన్ని వేడిచేసినా, చల్లార్చినా ఈ గడువు మారదు.

బీటా కిరణాలలో ఒక చిక్కుముడి ఉన్నది. ఒకే రకమైన కేంద్రకాల నుండి వచ్చే ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తితో రావాలి. కాని అవి సున్న మొదలుకొని ఒక గరిష్ఠ పరిమితి వరకు అన్ని శక్తులతోనూ వస్తున్నాయని 1914లో చాడ్వికే కనుగొన్నాడు. మిగిలిన శక్తి ఏమైనట్లు? కంటబడని మరొక కణం దానిని మోసుకుపోతున్నదని 1930లో పౌలీ ప్రతిపాదించాడు. అదే న్యూట్రినో. ఇటువంటి సిద్ధాంతాలకు బలం చేకూరాలంటే బీటా కిరణాల శక్తిని తప్పులేకుండా కొలవాలి. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు వంగి ప్రయాణిస్తాయి. వంపును బట్టి వాటి శక్తి తెలుస్తుంది. ఇందుకు వాడే పరికరం వర్ణపటమాపకం. దాని లోపల గాలి ఉంటే ఎలక్ట్రాన్లు గాలి అణువులను ఢీకొని దారితప్పుతాయి. కనుక పరికరం నుండి గాలిని దాదాపు పూర్తిగా తొలగించాలి. ఆ శూన్యాన్ని సాధించడం, దానిని కొలవడం ఒక ప్రత్యేక విద్య.

ఆ విద్యలో జ్ఞానానంద నిష్ణాతులయ్యారు. ఆ తరువాత అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన కొనసాగించారు. అధిక శూన్యాన్ని గురించి ఆయన ఆంగ్లంలో రచించిన గ్రంథం 1947లో న్యూయార్క్‌లో ప్రచురితమైంది. గ్రంథకర్త పేరు స్వామి జ్ఞానానంద అనే ముద్రించారు. ప్రయోగశాలలో ప్రవేశించినా ఆయన సన్యాసాశ్రమాన్ని విడువలేదు.

ఈ సంవత్సరాలలోనే కేంద్రక శాస్త్రం లోకాన్ని భయపెట్టింది. యురేనియం కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకితే అది రెండుగా చీలుతుందని 1938 చివర జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ కనుగొన్నారు. చీలిక వల్ల శక్తితో పాటు మరికొన్ని న్యూట్రాన్లు వెలువడతాయి. అవి ఇతర కేంద్రకాలను చీలుస్తాయి. ఇదే శృంఖల చర్య. ఒక కిలోగ్రాము యురేనియం 235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే, సుమారు 3,000 టన్నుల మేలురకం బొగ్గును కాల్చినంత వేడి పుడుతుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల బొగ్గునూ, రామగుండం విద్యుత్ కేంద్రానికి బారులు తీరే బొగ్గు బండ్లనూ చూసిన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల విద్యార్థులకు ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. బొగ్గు మండినపుడు పరమాణువుల వెలుపలి ఎలక్ట్రాన్ల అమరిక మాత్రమే మారుతుంది. విచ్ఛిత్తిలో కేంద్రకమే మారుతుంది. అందుకే ఇంత భేదం. అణువిద్యుత్ కేంద్రంలో ఈ చర్యను అదుపులో ఉంచుతారు. బాంబులో అదుపు ఉండదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలలో లక్షకు పైగా ప్రజలు ఆ జ్ఞానానికి బలి అయ్యారు.

స్వతంత్ర భారతానికి తిరిగివచ్చిన జ్ఞానానంద ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటి ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణ. 1956 జులై 1వ తేదీన అక్కడ కేంద్రక భౌతికశాస్త్రానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఆ సంవత్సరం మరి రెండు విధాల గుర్తుంచుకోదగినది. జూన్ నెలలో అమెరికా శాస్త్రజ్ఞులు న్యూట్రినోను ప్రయోగపూర్వకంగా గుర్తించినట్లు ప్రకటించారు. ఆగస్టు 4వ తేదీన భారతదేశపు తొలి అణు రియాక్టరు అప్సర ట్రాంబేలో పనిచేయనారంభించింది. దేశం అణుయుగంలో అడుగుపెట్టిన వేళకు తెలుగునాట ఆ విద్యను నేర్పే స్థానం సిద్ధమైంది.

1965 వరకు జ్ఞానానంద ఆ శాఖను పోషించారు. ప్రేగ్ నుండి మిచిగన్ వరకు తాము ఆర్జించిన ప్రయోగనైపుణ్యాన్ని విశాఖపట్నంలోని యువకులకు పంచిపెట్టారు. విదేశాలలో ఉండిపోయి ఉంటే ఆయన పేరు మరికొన్ని పరిశోధనపత్రాలపై ఉండేది. స్వదేశానికి రావడం వల్ల ఒక ప్రయోగశాల నిలిచింది. 1969 సెప్టెంబరు 21వ తేదీన ఆయన పరమపదించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు.

కేంద్రకంలో దాగిన శక్తికి మంచిచెడ్డలు తెలియవు. దానిని వినియోగించే మానవుడే వాటిని నిర్ణయించాలి. జ్ఞానానంద ఆ శాస్త్రాన్ని తెలుసుకోవడానికీ, నేర్పడానికీ వినియోగించారు. యోగికి ఏకాగ్రత ఎంత అవసరమో, సూక్ష్మమైన కొలతలు చేసే శాస్త్రజ్ఞునికీ అంతే అవసరం. విద్యారంభానికి వయస్సు అడ్డుకాదనీ, ఆర్జించిన విద్య పదిమందికి పంచినప్పుడే సార్థకమవుతుందనీ ఆయన జీవితం నిరూపించింది.

ప్రశ్నలు

1. స్వామి జ్ఞానానంద విద్యాభ్యాసాన్నీ, పరిశోధనలనూ వివరించండి.
2. బీటా కిరణాల పరిశోధనకు అధిక శూన్యం ఎందుకు అవసరం?
3. బొగ్గు మండడానికీ, కేంద్రక విచ్ఛిత్తికీ గల భేదాన్ని తెలపండి.
4. 1956వ సంవత్సరం విశిష్టత ఏమిటి?