అంధకవి రాఫ్టరీ

ఐర్లండు బడిపిల్లలు తరతరాలుగా కంఠస్థం చేస్తూ వస్తున్న వసంతగీతం ఒకటుంది. దాని పేరు ‘కిల్ ఏడాన్’. అదొక పల్లెటూరి పేరు. చలికాలం వెళ్ళగానే సొంత జిల్లాకు ప్రయాణం కట్టాలని ఒక మనిషి పడే ఉబలాటం, అక్కడి పైర్లు, పండ్లు, మనుషులు, ఇంతే అందులో విషయం. ఆ పాట కట్టినవాడికి రెండు కళ్ళూ కనిపించవు. చదవనూ రాదు, రాయనూ రాదు. ఆయనే ఆంథొనీ రాఫ్టరీ.

రాఫ్టరీ 1779 ప్రాంతంలో ఐర్లండు పడమటి వైపు మేయో జిల్లాలో, కిల్టిమా పట్నం దగ్గర, ఆ కిల్ ఏడాన్‌లోనే పుట్టాడు. తండ్రి నేతపనివాడు. తొమ్మిదిమంది సంతానం. రాఫ్టరీ పసితనంలో ఇంట్లోకి మశూచి వచ్చింది. మనవాళ్ళు అమ్మవారు పోసిందనేవారే, ఆ జబ్బే. ఎనిమిదిమంది పోయారనీ, మిగిలిన ఒక్కడికీ చూపు పోయిందనీ చెబుతారు. ఆ పిల్లవాడు ఆఖరిసారి కళ్ళారా చూసింది నేలమీద వరసగా పడుకోబెట్టిన తోబుట్టువులనేనట. ఇంగ్లండులో జెన్నర్ గోమశూచి రసితో తొలి టీకా వేసింది 1796లో. ఓ పదీ పదిహేనేళ్ళు ముందు ఆ టీకా వచ్చి ఉంటే ఆ ఇల్లు నిలిచేదేమో. ప్రపంచంలో మశూచి లేకుండా పోయిందని ప్రకటించింది 1980లో. ఈ రెండు సంవత్సరాలూ మనం పరీక్షల కోసం బట్టీపట్టేవే. వాటికి ముందు ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఖాళీ అయ్యాయో రాఫ్టరీ గురించి చదివేదాకా నాకు తట్టలేదు.

చూపు లేనివాడికి ఆ రోజుల్లో దొరికిన బతుకుతెరువు ఫిడేలు. ఆ ఊరి భూస్వామి ఫ్రాంక్ టాఫ్ కుర్రవాణ్ణి చేరదీశాడనీ, ఒక రాత్రి దొరగారి గుర్రాన్ని తోలుకుపోయి బురదలో దించి చంపినందుకు వెళ్ళగొట్టాడనీ ఒక కథ ఉంది. ఏమైతేనేం, ఆయన జీవితమంతా పొరుగున ఉన్న గాల్వే జిల్లాలో ఊరూరా తిరగడంతోనే గడిచింది. ఫిడేలు అంత బాగా వాయించేవాడు కాదని విన్నవాళ్ళే చెప్పారు. జనం మూగేది పాట కోసం. ఇంటికొస్తే తిండీ పడకా ఇవ్వకపోతే తిట్టుకవిత్వం కడతాడని భయం కూడా ఉండేది. మనవాళ్ళు వేములవాడ భీమకవికి భయపడ్డట్టే అనుకోండి.

ఈ తిరుగుడు కవికి వెనక పెద్ద పరంపరే ఉంది. పూర్వం ఐర్లండులో కవులు రాజుల కొలువుల్లో ఉండేవారు. ఏళ్ళ తరబడి కవిత్వపు బడుల్లో చదివి, చీకటి గదుల్లో పడుకుని పద్యం అల్లేవారట. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళ యుద్ధాలతో ఆ కొలువులు కూలిపోయాయి. కవులు రోడ్డున పడ్డారు. రాఫ్టరీ నాటికి ఆ విద్యలో మిగిలింది నోటిపాటా, పాత కథలూ మాత్రమే. ఒకసారి వానకు ఒక పొద కింద తలదాచుకున్నాడు. అది కారింది. కోపంతో పొదను తిట్టాడు. అప్పుడు ఆ పొద నోరువిప్పి, పురాణకాలపు ఫిర్ బోల్గ్, టూహా డే డానన్ జాతుల నాటి నుంచి ఐర్లండు చరిత్రంతా చెప్పిందని పెద్ద పాటే కట్టాడు. బడి ముఖం చూడని మనిషి బుర్రలో అంత చరిత్ర ఉండడం నాకు మహా వింతగా తోస్తుంది.

ఇక వసంతం సంగతి. ఐర్లండులో వసంతం మొదలయ్యేది ఫిబ్రవరి 1న, బ్రిజిడ్ పండుగతో. క్రైస్తవం రాకముందు బ్రిజిడ్ ఒక దేవత. దాగ్డా అనే దేవుడి కూతురు. కవిత్వానికీ, వైద్యానికీ, కమ్మరి పనికీ ఆమే తల్లి. తర్వాత అదే పేరుగల సెయింటు పండుగ అయింది. ఆ రోజుకు గొర్రెలు ఈనడం మొదలవుతుంది, గడ్డితో శిలువ అల్లి గుమ్మానికి కడతారు. చలి మాత్రం తగ్గదు, పెరిగేది పగలు. మన దగ్గర పొట్టి పగటికీ పొడుగు పగటికీ తేడా సుమారు రెండు గంటలు. భూమధ్యరేఖకు దూరంగా 54 డిగ్రీల ప్రాంతంలో ఉన్న మేయోలో డిసెంబరు పగలు ఏడున్నర గంటలైతే, జూన్ పగలు పదిహేడు గంటలు. వెలుగే చూడలేని మనిషి పగలు పొడుగవడాన్ని పట్టుకుని పాట మొదలుపెట్టాడు! అది ఒంటికి తగిలే వెచ్చదనమో, పక్షుల కూతో, చిన్నప్పటి జ్ఞాపకమో.

ఆ పాటలో గోధుమ, ఓట్లు, బార్లీ, అవిసె, రై అన్నీ ఉన్నాయి. లైసెన్సు లేకుండా సారా అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఫిబ్రవరిలో ఇవేవీ చేలో ఉండవని ఎవరైనా తప్పుపట్టవచ్చు. నేను రైతు బిడ్డను, నాకది తప్పనిపించదు. విత్తనాలు సంచిలో ఉండగానే మా నాన్న గాదె ఎంత నిండుతుందో లెక్క చెబుతాడు.

రాఫ్టరీని పూలూ పండ్ల కవి అనుకుంటే పొరపాటు. 1820లో రైతుల రహస్య సంఘానికి నాయకుడన్న అభియోగం మీద ఆంథొనీ డేలీ అనే వడ్రంగిని క్రాఫ్‌వెల్ దగ్గర ఉరితీస్తే, రాఫ్టరీ సర్కారుకు జంకకుండా పాట కట్టాడు. 1828 సెప్టెంబరులో ఆన్నడౌన్ నుంచి గాల్వే సంతకు సరస్సు మీద పోతున్న పాత పడవలో ఒక గొర్రె కాలు పలకలోంచి దిగింది. నీళ్ళు ఆపబోతే పలకే ఊడిపోయింది. పందొమ్మిది మంది మునిగిపోయారు. పోయినవాళ్ళను పేరుపేరునా తలచి రాఫ్టరీ ఏడ్చిన పాటే ఆ ఊరివాళ్ళకు రికార్డు అయింది. బల్లీలీలో మేరీ హైన్స్ అనే పిల్ల అందాన్ని కూడా, చూడకుండానే, ఆ చుట్టుపక్కల మరిచిపోలేనట్టు పాడాడు.

1835 క్రిస్మస్ రోజుల్లో కిల్లీనీన్ గ్రామంలో ఎవరింట్లోనో కన్నుమూశాడు. పాతిపెట్టిన రాత్రి గాలి బాగా వీచినా కొవ్వొత్తులు ఆరలేదని జనం చెప్పుకున్నారు. సమాధి మీద రాయి కూడా లేదు. పదేళ్ళకు 1845లో ఆలుగడ్డ పైరుకు తెగులు తగిలి మహాక్షామం వచ్చింది. పదిలక్షల మంది చనిపోయారు, ఇంకో పదిలక్షల మంది ఓడలెక్కారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఆయన భాష మాట్లాడే పేదవాళ్ళే. కాగితం మీద లేని పాటలు పోవలసిన మాట, పోలేదు. డగ్లస్ హైడ్ కుర్రతనంలో తుపాకీ పట్టుకుని వేటకు పోతుంటే ఒక ముసలాయన గుడిసె వాకిట్లో కూర్చుని తనలో తాను కిల్ ఏడాన్ పాడుకుంటున్నాడు. హైడ్ ఆగి నేర్చుకున్నాడు. తర్వాత గోర్ట్ ఊరి అనాథశాలలో లేడీ గ్రెగొరీ చలికాలం మంట దగ్గర కూర్చుంటే, ఇద్దరు అవ్వలు తమ చిన్నతనంలో విన్న కవుల్లో ఎవరు గొప్ప అని పోట్లాడుకుంటున్నారు. తినడానికి లేక అక్కడ చేరినవాళ్ళు! 1900లో ఆమె పూనికతోనే సమాధికి రాయి పడింది. 1903లో హైడ్ ఆ పాటలను పుస్తకం వేశాడు. 1938లో ఆ హైడే ఐర్లండుకు తొలి రాష్ట్రపతి అయ్యాడు.

రాఫ్టరీ తనను గురించి తాను చెప్పుకున్నట్టుండే చిన్న పాట ఒకటి మరీ ప్రసిద్ధం. అయితే అది 1882లో అమెరికాలోని ఒక ఐరిష్ పత్రికలో అచ్చయింది, అక్కడి ఇంకొకరు రాసి ఉండవచ్చని పండితుల అనుమానం. ఆ పాటనే 1994లో వచ్చిన ఐదు పౌన్ల నోటు మీద, బడిలో నల్లబల్లపై రాసినట్టుగా వేశారు. 2002లో యూరో వచ్చేదాకా ఆ నోటు చెలామణీలో ఉంది.